అక్టోబర్‌లో నాన్న లా క్రెసెంట్ ద్రాక్ష కత్తిరించేశారు, ఈ చలికాలం గట్టెక్కుతుందా?

మేడ్చల్_బిడ్డ (వుడ్‌బరీ, మిన్నెసోటా) | అక్టోబర్ 14

అందరికీ నమస్కారం. మా పెరట్లో కంచె పక్కన నాలుగు లా క్రెసెంట్ మొక్కలున్నాయి. నాటి నాలుగేళ్ళయింది. పోయినేడు రెండు గుప్పెళ్ళు కాసింది, ఈసారి పద్దెనిమిది పౌండ్లు వచ్చాయి. చాలా సంతోషంగా ఉన్నాం.

ఆగస్టులో నాన్న వచ్చారు. మేడ్చల్ దగ్గర ముప్పై ఏళ్ళు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిరి చూసుకున్న మనిషి. రాగానే మొక్కలు చూసి, "పాదులు బక్కచిక్కినయి" అని బస్తా పశువుల ఎరువు తెప్పించి వేశారు. మొన్న శనివారం నేను ఆఫీసు కాల్‌లో ఉండగా కత్తెర తీసుకుని రెండు మొక్కలు పూర్తిగా కత్తిరించారు. నేను బయటికి పరిగెత్తేసరికి మూడోదాని దగ్గర నిలబడి ఉన్నారు. "అక్టోబర్ వచ్చింది కదా, ఇంకెప్పుడు కత్తిరిస్తవు?" అన్నారు.

ఇక్కడ మార్చిలోనే కత్తిరించాలని అందరూ చెబుతారు. ఆయనతో గట్టిగా ఏమీ అనలేకపోయాను. కోతలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే నేను పదేళ్ళు నేర్చుకున్నా అలా రావు. కానీ టెన్షన్‌గా ఉంది. ఆ రెండు మొక్కలు బతుకుతాయా? ఇప్పుడు ఏమైనా చేయాలా?

మిసిసిపీ_ఒడ్డు (లా క్రాస్, విస్కాన్సిన్) | అక్టోబర్ 14

కంగారు పడకండి. మూడు విషయాలు చెప్పండి. కత్తిరించేనాటికి ఆకులు పచ్చగా ఉన్నాయా, మంచుకు మాడిపోయాయా? ఒక్కో తీగకు ఎన్ని కళ్ళు (చిగురు వచ్చే మొగ్గలు) ఉంచారు? తీగల బెరడు గోధుమ రంగుకు తిరిగిందా, ఇంకా పచ్చిగానే ఉందా?

మేడ్చల్_బిడ్డ | అక్టోబర్ 15

ఆకులు అక్టోబర్ 8 రాత్రి మంచుకే నల్లబడ్డాయి. కత్తిరించింది 11న. ఒక్కో తీగకు ఐదారు కళ్ళు ఉంచారు. అక్కడ అక్టోబర్ కత్తిరింపులో అలాగే ఉంచుతారట, ఏప్రిల్‌లో అయితే ఒకటి రెండే ఉంచుతారని చెప్పారు. మొదటి మొక్క తీగలు మొత్తం గోధుమ రంగుకు వచ్చాయి. రెండోదానికి చివర అడుగు, అడుగున్నర ఇంకా లేతగానే ఉంది. ఎరువు ఎక్కువగా పడింది దానికే.

మిసిసిపీ_ఒడ్డు | అక్టోబర్ 15

అయితే సగం భయం తీరినట్టే. ఆకులు పోయాక కత్తిరించారు కాబట్టి తీగలో దాచుకున్న పిండిపదార్థం చాలావరకు కాండానికీ వేర్లకూ చేరే ఉంటుంది. ఐదారు కళ్ళు ఉంచడం కూడా మేలైంది. మనం చలికాలం అయ్యేదాకా ఎందుకు ఆగుతామంటే, ఎన్ని కళ్ళు చస్తాయో ముందు తెలియదు. మార్చిలో చూసి, చచ్చినవాటికి సరిపడా ఎక్కువ ఉంచుకుంటాం. రెండేసి కళ్ళకు కత్తిరించి ఉంటే ఆ మిగులు ఉండేది కాదు.

నాకు ఎరువు గురించే ఎక్కువ బెంగ. ఇక్కడ జూన్ దాటాక నత్రజని వేయకూడదు. పగళ్ళు పొట్టివై రాత్రులు చల్లబడుతున్నప్పుడు తీగ ఎదుగుదల ఆపి, మొదలు నుంచి చివరకు చేవదేలుతూ పోవాలి. కళ్ళలో నీరు తగ్గాలి. అప్పుడే నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా కంటి లోపల మంచు పలుకు కట్టకుండా నిలబడుతుంది. ఆలస్యంగా మేత దొరికిన తీగ ఎదుగుతూనే ఉంటుంది. ఆ లేత చివర్లు ఎలాగూ చస్తాయి, వాటి మీద ఆశ వద్దు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. నేల గట్టిపడకముందే కాండం మొదలు చుట్టూ అడుగు ఎత్తున మట్టి ఎగదోయండి. మీ మొక్కలు అంటు కట్టినవి కాదు, సొంత వేర్ల మీద ఉన్నవే అయితే (ఇక్కడ నర్సరీల్లో సాధారణంగా అలాగే అమ్ముతారు), పైనంతా పోయినా కింద నుంచి లేచే చిగురు కూడా లా క్రెసెంటే.

ఈ రకం పుట్టిందే ఇలాంటి చలి కోసం. మా ఊరికి దగ్గరలో, మిసిసిపీ నదికి అవతలి గట్టున లా క్రెసెంట్ అనే ఊరుంది, యాపిల్ తోటలకు పేరు. ద్రాక్షకూ అదే పేరు. మిన్నెసోటా యూనివర్సిటీ 2002లో విడుదల చేసింది. మన పిల్లలు ఇష్టంగా తినే హనీక్రిస్ప్ యాపిల్‌ను 1991లో ఇచ్చింది కూడా ఆ యూనివర్సిటీయే. లా క్రెసెంట్ తల్లిదండ్రులు రెండూ ఎల్మర్ స్వెన్సన్ అనే విస్కాన్సిన్ పాడి రైతు చేతి మీదుగా వచ్చినవి. ఆసియోలా దగ్గర సొంత పొలంలో 1943 నుంచి ద్రాక్షలను సంకరం చేస్తూ పోయాడు. 2004లో చనిపోయేదాకా ఆ పని మానలేదు. అడిగినవాళ్ళకల్లా కొమ్మలు పంచేవాడు. ఒకవైపు సెయింట్ పెపిన్ అనే తెల్ల రకం. రెండోవైపు ఇ.ఎస్. 6-8-25 అనే మొక్క. దాని వెనక ఈ నదుల గట్ల మీద అడవిగా పెరిగే రిపేరియా ద్రాక్ష, మస్కట్ హాంబర్గ్ అనే రకం ఉన్నాయి. చలికి ఓర్పు రిపేరియాది, వాసన మస్కట్‌ది. బాగా కుదురుకున్న కాండాలు మైనస్ 34 ఫారన్‌హీట్‌కు కూడా తట్టుకున్నాయని యూనివర్సిటీ వాళ్ళే రాశారు. అంటే మైనస్ 37 సెల్సియస్ దరిదాపు.

నాన్నగారిని ఏమీ అనకండి. ఆయన చేసింది ఆయన నేలకు సరైన పనే.

ఘట్‌కేసర్_తోట (హైదరాబాద్) | అక్టోబర్ 16

పై మాటకు ఒకటి కలుపుతాను. మా ఇంట్లో కూడా పందిరి ఉండేది. ఇక్కడ ద్రాక్ష నిద్రపోదు. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది. అందుకే కత్తెరతోనే దానికి కాలం చెప్పాలి. ఏప్రిల్‌లో కత్తిరిస్తే కొత్త రెమ్మ వచ్చి కళ్ళలో పూతకు తయారవుతుంది. అక్టోబర్‌లో మళ్ళీ కత్తిరిస్తే ఆ కళ్ళు పగిలి గుత్తులు వస్తాయి. కళ్ళన్నీ ఒక్కసారి లేవాలని డార్మెక్స్ అనే మందు కూడా పూస్తారు. అంటే మనం ఇక్కడ తీగను లేపుతాం, మీరు అక్కడ పడుకోబెడతారు. అక్టోబర్ రాగానే కత్తెర పట్టకుండా ఉండటం ఆ తరం రైతుకు చాలా కష్టం. మీ నాన్న గారిని నేను అర్థం చేసుకోగలను.

మస్కట్ హాంబర్గ్ అంటే మనకు కొత్తదేమీ కాదు. తమిళనాడు కంబం లోయలో పన్నీర్ ద్రాక్ష అని అమ్మేది అదే. ఆ గులాబీ వాసన తెల్ల ద్రాక్షలోకి, అదీ మంచు దేశంలోకి వెళ్ళిందంటే భలే ఆనందంగా ఉంది. ఒక సందేహం. లా క్రెసెంట్‌ను ఇక్కడ పెంచవచ్చా?

మిసిసిపీ_ఒడ్డు | అక్టోబర్ 16

వద్దండి. దానికి నిజమైన చలికాలం కావాలి. చలి చాలకపోతే కళ్ళు సరిగ్గా పగలవు, ఒకటి లేస్తే నాలుగు పడుకునే ఉంటాయి. మీ నేలకు అనాబ్-ఎ-షాహి, థామ్సన్ లాంటివే తగినవి.

అయోవా_పెరడు (ఏమ్స్) | అక్టోబర్ 18

కొత్తగా నాటాలనుకునేవాళ్ళు ఈ చర్చ చదువుతారు కాబట్టి ఒక మాట. నేను లా క్రెసెంట్ ఆరేళ్ళు పెంచి, సగం తీసేసి ఇటాస్కా పెట్టాను. అదీ మిన్నెసోటా యూనివర్సిటీదే, 2017లో వచ్చింది. పులుపు బాగా తక్కువ. బూజు తెగులూ బూడిద తెగులూ అంత తేలిగ్గా రావు. లా క్రెసెంట్ ఆకుకు బూజు తెగులు ఎంత త్వరగా పడుతుందో వాన ఎక్కువైన జూలైలో చూస్తే తెలుస్తుంది. పండాక గుత్తిని ముట్టుకుంటే పళ్ళు జలజలా రాలిపోతాయి. ఉద్యోగం చేసుకుంటూ పెరట్లో పెంచేవాళ్ళకు ఇంత బెడద ఎందుకు?

వర్మాంట్_చలి | అక్టోబర్ 18

అన్నా, తెగులు విషయంలో మీతో ఏకీభవిస్తాను. పులుపు విషయంలో కాదు. లా క్రెసెంట్‌లో చక్కెర 24, 25 బ్రిక్స్ దాకా పోతుంది, ఆమ్లం మాత్రం లీటరుకు 12 గ్రాముల పైనే నిలబడుతుంది. విడిగా చూస్తే అది లోపంలా కనిపిస్తుంది. కానీ ఆ ఆప్రికాట్, నిమ్మతొక్క, అనాస వాసనలను మోసేది ఆ పులుపే. కొంచెం తీపి మిగిల్చి వైన్ చేస్తే నోట్లో నిమిషం సేపు నిలుస్తుంది. ఇక్కడ వర్మాంట్‌లో దీని మీదే పేరు తెచ్చుకున్న తోటలున్నాయి. ఇటాస్కా మంచి మొక్క. దాన్ని నేను కూడా పెట్టాను. వాసనలో మాత్రం దీనికి సాటి రాదని నా గట్టి అభిప్రాయం.

మేడ్చల్_బిడ్డ | జనవరి 21

నిన్న రాత్రి మా దగ్గర మైనస్ 24 ఫారన్‌హీట్. నాన్న నవంబర్‌లో ఇండియా వెళ్ళిపోయారు. రోజూ పొద్దున వీడియో కాల్‌లో అడిగే మొదటి ప్రశ్న, "తీగలు ఎట్లున్నయి?" అనే. మంచులో నాలుగు కర్రలు తప్ప ఏమీ కనిపించడం లేదు. వాటినే చూపిస్తున్నాను. నిజంగా బతికే ఉంటాయంటారా?

మిసిసిపీ_ఒడ్డు | జనవరి 21

2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్‌కు పడింది. ఆ ఏడు కూడా మా లా క్రెసెంట్‌లో చాలా కళ్ళు లేచాయి. జనవరి నడిమిలో ద్రాక్ష గట్టిగా ఉంటుంది, ఆ చలికి సిద్ధపడే ఉంటుంది. నాకు భయం వేసేది ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాసి, తీగ మెత్తబడి, మళ్ళీ ఒక్కసారిగా మైనస్ 20కి పడినప్పుడు.

మార్చి రెండో వారంలో కళ్ళు కోసి చూడండి. కొమ్మను ఒక రోజు ఇంట్లో ఉంచి, షేవింగ్ బ్లేడుతో కంటిని అడ్డంగా పలుచగా కోయాలి. ఒక కన్నులో నిజానికి మూడు మొగ్గలుంటాయి. మధ్యది పెద్దది, కాపు ప్రధానంగా దానిదే. పక్కన రెండు చిన్నవి, అవి ఆపద్ధర్మం. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ లేదా నలుపు ఉంటే పోయినట్టు.

మేడ్చల్_బిడ్డ | మార్చి 15

కోసి చూశాను. కత్తిరించని రెండు మొక్కల నుంచి ఇరవై కళ్ళు తీస్తే పదిహేనింట్లో మధ్య మొగ్గ పచ్చగా ఉంది. నాన్న కత్తిరించిన వాటి నుంచి పది మాత్రమే తీశాను, అంతకు మించి మనసు ఒప్పలేదు. ఆరు పచ్చగా ఉన్నాయి. పోయిన నాలుగులో మూడు ఆ ఎరువు ఎక్కువ పడ్డ మొక్కవే.

ఫోన్‌లో ఫొటోలు పంపాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కన్ను కోసి చూసుడు మాకు తెల్వదు, మంచి పద్ధతి" అన్నారు.

మిసిసిపీ_ఒడ్డు | మార్చి 15

బాగుంది. కత్తిరించని మొక్కలకు ఒక్కోదానికి యాభై కళ్ళ దాకా ఉంచండి. నాన్నగారు కత్తిరించినవి ఇప్పుడు ముట్టుకోకండి. మే నెలలో చిగుళ్ళు చూశాక చచ్చినవి తీసేయవచ్చు. కోసిన చోట ఏప్రిల్‌లో నీరు ధారగా కారుతుంది. వేర్లు మేలుకున్నాయని గుర్తు, దానివల్ల నష్టం లేదు.

మేడ్చల్_బిడ్డ | జూన్ 9

మూడు వార్తలు.

నాలుగు మొక్కలూ లేచాయి! ఎరువు మొక్కకు ఎడమ పక్క కొమ్మ మొత్తం ఎండిపోయింది, మొదలు దగ్గర నుంచి బలమైన రెమ్మ ఒకటి వచ్చింది. దాన్నే కొత్త కాండంగా పై వైరుకు కడుతున్నాను.

మే మూడో వారంలో ఒక రాత్రి 30 ఫారన్‌హీట్‌కు పడుతుందన్నారు. రిపేరియా రక్తం ఉన్నవి త్వరగా లేస్తాయని ముందే చదివినందుకు మేలైంది, పాత దుప్పట్లన్నీ కప్పాం. ఒక చివర మాత్రమే మాడింది.

మూడోది బాధ కలిగించింది. పక్కింటి పచ్చికకు కలుపు మందు కొట్టడానికి వచ్చినవాళ్ళు గాలి ఉన్న రోజున కొట్టారు. వారానికి నా కొత్త ఆకులు విసనకర్రల్లా ముడుచుకున్నాయి.

అయోవా_పెరడు | జూన్ 9

అది 2,4-డి అనే కలుపు మందు పని. ద్రాక్షకు దాని ఆవిరి తగిలినా చాలు. చుట్టూ మొక్కజొన్న, సోయా ఉన్న మా ఊళ్ళో ఏటా ఇదే గొడవ. పెద్ద మొక్కలు కోలుకుంటాయి, ఆ ఆకులు తెంపకండి. పక్కింటివాళ్ళతో మర్యాదగా మాట్లాడి, మందు కొట్టే రోజు ముందే చెప్పమని అడగండి. మా పక్కవాళ్ళకు నేను ద్రాక్ష పళ్ళ బుట్ట తీసుకెళ్ళి ఇచ్చి అడిగాను. అప్పటి నుంచి మెసేజ్ పెడుతున్నారు.

అత్తగారి_వంటిల్లు (మాడిసన్) | జూలై 12

వైన్ తాగనివాళ్ళం కూడా ఇక్కడ ఉన్నాం కాబట్టి చెబుతున్నాను. గుత్తులు ఎక్కువైతే జూలైలో కొన్ని పచ్చివే తీసేస్తారు కదా, వాటిని పారేయకండి. పచ్చి ద్రాక్ష కందిపప్పులో వేసి ఉడికిస్తే మామిడికాయ పప్పుకు తక్కువేమీ కాదు. గింజలు గట్టిపడకముందే కోయాలి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ పోపు. మా అత్తగారు అమెరికా వచ్చిన మొదటి ఏడు పచ్చి మామిడికాయ దొరక్క ఇలా చేసి చూశారు. అప్పటి నుంచి ఏటా చేస్తున్నాం.

మేడ్చల్_బిడ్డ | ఆగస్టు 3

పప్పు చేశాం అక్కా, పిల్లలు కూడా తిన్నారు. ఇప్పుడు ఆకు అడుగున తెల్లటి బూజు, పైన నూనె మరకల్లా పసుపు మచ్చలు. నాన్న బోర్డో మిశ్రమం (రాగి మందు) కొట్టమంటున్నారు. జపనీస్ బీటిల్స్ అనే పెంకు పురుగులు ఆకులను జల్లెడ చేస్తున్నాయి, వాటిని పొద్దున్నే సబ్బు నీళ్ళ బకెట్‌లోకి రాలుస్తున్నాం.

అయోవా_పెరడు | ఆగస్టు 3

నూనె మరకలు బూజు తెగులే. గుత్తుల దగ్గర ఆకులు కొన్ని తీసి గాలి ఆడనివ్వండి. మాంకోజెబ్ అనే తెగులు మందు మాత్రం ఇప్పుడు వద్దు. కోతకు 66 రోజుల ముందే ఆపాలి, ఆ గడువు దాటిపోయింది. కాప్టాన్ గానీ ఫాస్ఫరస్ ఆమ్లపు మందు గానీ లేబుల్ చదివి వాడండి. రాగి మందుకు కొన్ని హైబ్రిడ్ల ఆకులు మాడతాయి. బోర్డో కొట్టాలనుకుంటే ముందు ఒక్క కొమ్మ మీద చూడండి.

మేడ్చల్_బిడ్డ | సెప్టెంబర్ 22

నిన్న కోశాం. నాలుగు మొక్కలకు కలిపి 41 పౌండ్లు, అందులో నాన్న కత్తిరించిన రెండింటివి 14. పిట్టల కోసం వల ముందే కట్టాం. పళ్ళు రాలతాయని చెప్పారు కాబట్టి కింద దుప్పటి పరిచి కోశాం, రాలినవే మూడు పౌండ్లు! పండు తేనె రంగుకు తిరిగింది. బ్రిక్స్ 23. ఇంటి కిట్‌తో చూస్తే ఆమ్లం లీటరుకు 12.5 గ్రాములు. కోస్తున్నంతసేపూ పెరడంతా ఆప్రికాట్ వాసన.

పది పౌండ్లు అమ్మ చెప్పినట్టు రసం తీశాం. మిగతాది వైన్‌కు. ఎలా మొదలుపెట్టాలి?

వర్మాంట్_చలి | సెప్టెంబర్ 22

30 పౌండ్లకు రెండు గ్యాలన్లు వస్తుంది. తొక్కలతో నానబెట్టకుండా వెంటనే పిండండి. రసాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, అడుగున దిగిన మడ్డి వదిలేసి పైది మాత్రమే తీసుకోండి. ఈస్ట్‌లో 71బి అనే రకం వాడండి. అది మాలిక్ ఆమ్లంలో కొంత తనే తినేస్తుంది, ఈ పులుపుకు అది చాలా సాయం. చల్లగా, 60 ఫారన్‌హీట్ దగ్గర నెమ్మదిగా పులియనివ్వండి. వేడెక్కితే ఆ వాసనంతా గాలిలో కలిసిపోతుంది. మాలోలాక్టిక్ పులియబెట్టడం (బ్యాక్టీరియాతో మాలిక్ ఆమ్లాన్ని తగ్గించడం) వద్దు, దానివల్ల వెన్న వాసన వచ్చి పండు వాసన చస్తుంది.

డిసెంబర్‌లో జాడీని గడ్డకట్టనంత చలిలో గరాజ్‌లో ఉంచితే అడుగున గాజు పొడిలా పలుకులు దిగుతాయి. అది టార్టారిక్ ఆమ్లం తాలూకు ఉప్పు, దిగనివ్వండి. చివర్లో కొద్దిగా చక్కెర, మళ్ళీ పులియకుండా సల్ఫైట్, సోర్బేట్. సీసాల్లో నింపి వచ్చే వేసవిదాకా ఆగండి. మొదటి రెండు నెలలు రుచి చూస్తే పులుపు గొంతు పట్టుకుంటుంది, అది చూసి పారబోయకండి.

మేడ్చల్_బిడ్డ | అక్టోబర్ 19

రసం పులియడం దాదాపు ఆగింది. గరాజ్ తలుపు తీస్తే ఇల్లంతా వాసన.

ఆకులు రాలిపోయాయి. ఈసారి ఎరువు వేయలేదు, తీగలు చివరిదాకా గోధుమ రంగుకు వచ్చాయి. కత్తెర ముట్టుకోలేదు. నాన్న మార్చి రెండో వారంలో వస్తున్నారు, టికెట్ తీశాం. నాలుగూ ఆయనే కత్తిరిస్తారు. ఫోన్‌లో ఒకటే మాట చెప్పారు, "ఆ నది ఒడ్డు సారుని అడుగు, పాదుకు ఎన్ని కళ్ళు ఉంచాల్నో. నేను వచ్చినంక మళ్ళ తప్పు కావద్దు."

మిసిసిపీ_ఒడ్డు | అక్టోబర్ 19

రాగానే ఇద్దరూ కలిసి ఇరవై కళ్ళు కోసి చూడండి. పదిహేను బతికి ఉంటే మొక్కకు యాభై. కొత్త కాండం కట్టినదానికి ఇరవై చాలు, ఈ ఏడు దాని మీద బరువు పెట్టవద్దు. కోతలు ఎలా కోయాలో నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. కుదిరితే ఆయన చేతులు దగ్గర నుంచి ఒక వీడియో తీసి ఇక్కడ పెట్టండి, మాకు కావాలి.